గుహలో పొయ్యి ఎవరిది?

గుహ ఇళ్ళ మీద ఈ మధ్య మనవాళ్ళకు మోజు పెరిగింది. ఆదివారం అనుబంధాల్లో, ప్రయాణాల పేజీల్లో ఎక్కడ చూసినా అవే. టర్కీలో కప్పడోకియా, ట్యునీషియాలో మత్మాతా, ఇటలీలో మతేరా. సిమెంటు లేని ఇల్లు, ఫ్యాను అక్కర్లేని చల్లదనం, ప్రకృతి ఒడిలో బతుకు, ఇరుగుపొరుగుల ఆత్మీయత... ఇలా సాగుతుంది వర్ణన. రాసేవాళ్ళలో చాలామంది అక్కడ ఒకటో రెండో రాత్రులు నిద్రపోయి వచ్చినవాళ్ళే. పడుకునే ముందు వాళ్ళు నీళ్ళు తోడలేదు. లేచాక పేడ ఎత్తలేదు. పొయ్యి పొగలో కళ్ళు నలుపుకుంటూ తొమ్మిది మందికి వండిపెట్టలేదు. వండినవాళ్ళ మాట ఆ వ్యాసాల్లో ఒక్కటీ ఉండదు.

నేను నలభై ఏళ్ళుగా నాచారంలో ఉంటున్నాను. ఇక్కడి బండల్ని చూశాను, ఆ బండలు ఒక్కొక్కటీ మాయమవడమూ చూశాను. రెండేళ్ళ కిందట మా చెల్లెలి కూతురు చదువుకుంటున్న ఇటలీకి వెళ్ళినప్పుడు మతేరా కూడా చూశాను. నాచారం కళ్ళతోనే చూశాను. గుహ ఇల్లు గొప్ప వారసత్వమా లేక దరిద్రమా అని అందరూ వాదించుకుంటున్నారు. ఈ రెండు తీర్పులూ ఇచ్చింది ఎవరు? ఆ ఇంట్లో చాకిరీ చేసింది ఎవరు? నా తగువు అక్కడ.

మతేరా దక్షిణ ఇటలీలో లోతైన లోయ అంచున ఉన్న ఊరు. బారీ నుంచి చిన్న లైను రైల్లో వెళ్ళాలి. పాత ఊరిని సాస్సీ అంటారు. ఆ మాటకు అర్థం 'రాళ్ళు'. మెత్తటి సున్నపురాయి కొండ అది. చేతి పనిముట్లతో తొలవవచ్చు. లోపల తొలిచిన రాయితోనే ముందు గోడ కట్టుకున్నారు. ఒకరి ఇంటి కప్పు ఇంకొకరికి వీధి. వాన చుక్క వృథా పోకుండా కాలవలు తీసి భూమి లోపలి తొట్లలోకి మళ్ళించారు. ఊరి పెద్ద కూడలి కింద ఉన్న తొట్టిలో యాభై లక్షల లీటర్ల నీళ్ళు పడతాయి. జనం మర్చిపోయిన ఆ తొట్టి 1991లో మళ్ళీ బయటపడింది. గుడి అంత ఎత్తున్న ఆ చీకటి తొట్టిలోకి దిగి చూస్తే ఎవరికైనా చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఆ తెలివిని నేను కాదనడం లేదు.

ఒక గుహ ఇంటిని ఇప్పుడు మ్యూజియం చేశారు. ఒకటే గది లాంటి గుహ. మధ్యలో నేలకు చాలా ఎత్తున మంచం. మంచం కింద కోళ్ళు. వెనకవైపు కంచర గాడిదకు గాడి, దాని వెనక పేడ గుంట. చలికాలంలో ఆ పేడ వేడే ఇంటికి వెచ్చదనం. పెద్ద పిల్లలు పెట్టెల మీద, చిన్న పిల్లలు బీరువా సొరుగుల్లో పడుకునేవాళ్ళు. ఒక మూల మట్టి కుండ. అదే మరుగుదొడ్డి. నీళ్ళు తోడుకోవడానికి నేలలోనే తొట్టి నోరు. ఇంకో మూల మగ్గం. వెలుతురు వచ్చే దారి తలుపు ఒక్కటే.

చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ తెలివికి ముచ్చటపడుతూ ఫోటోలు తీసుకుంటున్నారు. నేను పనులు లెక్కపెడుతూ నిలబడ్డాను. నీళ్ళు తోడటం. పిండి పిసకడం. కుండ బయట పారబోయడం. పేడ ఎత్తడం. నేయడం. కోళ్ళకు గింజలు చల్లడం. అదే మంచం మీద కనడం. మలేరియాతో వణికే బిడ్డను పట్టుకుని రాత్రంతా కూర్చోవడం. ఆ కొండను తొలిచిన చేతుల గురించి పుస్తకాలు ఉన్నాయి. ఆ మట్టి కుండను రోజూ పొద్దున్నే మోసుకెళ్ళిన చేతుల గురించి ఎవరు రాశారు?

మతేరా రొట్టె ప్రసిద్ధం. ఆడవాళ్ళు ఇంట్లో పిండి పిసికి, ముద్దను బట్టలో చుట్టి, వీధి అందరికీ ఉమ్మడిగా ఉండే కొలిమికి పంపేవాళ్ళు. ఏ రొట్టె ఎవరిదో తెలియడానికి చెక్క ముద్ర వేసేవాళ్ళు. చక్కగా చెక్కిన ఆ ముద్రలను ఇప్పుడు దుకాణాల్లో గుర్తుగా అమ్ముతున్నారు. ఆ ముద్ర మీద ఉండేది ఇంటి యజమాని పేరులోని అక్షరాలు! పిండి ఆమె పిసుకుతుంది, రొట్టె అతని పేరు మీద కాలుతుంది. పితృస్వామ్యం గురించి నేను ఇన్నేళ్ళుగా చదివిన వాటి కన్నా ఆ చెక్కముక్క నాకు బాగా చెప్పింది.

ఈ గుహలను లోకానికి ఎవరు చూపించారో కూడా చెప్పుకోవాలి. ముస్సోలినీ ప్రభుత్వం 1935లో కార్లో లేవి అనే చిత్రకారుణ్ణి ఆ ప్రాంతానికి ప్రవాసం పంపింది. ఆ అనుభవాలతో ఆయన రాసిన 'క్రీస్తు ఎబోలీ దగ్గరే ఆగిపోయాడు' 1945లో వచ్చింది. మతేరా దుస్థితి ఇటలీ అంతటికీ తెలిసింది ఆ పుస్తకంతోనే. అయితే అందులో మతేరా వర్ణన ఆయన కళ్ళతో చూసింది కాదు. ఆయనను చూడటానికి వచ్చిన అక్క లూయిసా చెప్పింది. ఆమె డాక్టరు. తెరిచి ఉన్న తలుపుల్లోంచి గుహల్లోకి చూస్తూ నడిచింది. ట్రకోమాతో కళ్ళు పుండ్లు పడిన పిల్లల్ని, మలేరియాతో ముసలి మొహాలు పడిపోయిన పిల్లల్ని చూసింది. వాళ్ళు ఆమె వెంటపడి అడిగింది డబ్బు కాదు, క్వినైన్. తమ్ముడు ఆ సంగతి దాచలేదు, అక్క నోటనే చెప్పించాడు. అయినా ఈ రోజు ఎక్కడ చూసినా 'కార్లో లేవి చూసిన మతేరా' అనే అంటారు. లూయిసా చూసిన మతేరా అనరు. రొట్టె మీద ముద్ర మళ్ళీ అలాగే పడింది.

ఆ పుస్తకం తర్వాత రాజకీయ నాయకులు వరుసకట్టారు. 1948లో కమ్యూనిస్టు నాయకుడు తోలియాత్తి వచ్చి ఇది జాతికే సిగ్గుచేటు అన్నాడు. 1950లో ప్రధాని దె గాస్పెరి వచ్చాడు. అన్నిటికీ కొట్లాడుకునే ఎడమ వాళ్ళూ కుడి వాళ్ళూ ఈ ఒక్క సిగ్గు దగ్గర ఏకమయ్యారు. 1952లో చట్టం వచ్చింది. సుమారు పదిహేను వేల మందిని గుహల నుంచి తీసి కొత్త కాలనీలకు పంపారు.

పంపడం తప్పా? కాదు. బిడ్డలు చచ్చిపోతున్న ఇంట్లో ఎవరినీ ఉండమనకూడదు. కొళాయి, మరుగుదొడ్డి, కిటికీ వచ్చాయి. మంచం పక్క నుంచి కంచర గాడిద పోయింది. వీటి విలువ ఎంతో నీళ్ళు మోసిన ప్రతి ఆడదానికీ తెలుసు. నేను అడిగేది వేరే. ఇటలీ ఆడవాళ్ళు దేశవ్యాప్తంగా మొదటిసారి ఓటు వేసిందే 1946లో. ఆరేళ్ళ తర్వాత వచ్చిన ఈ చట్టాన్ని దాదాపు మొత్తం మగవాళ్ళే ఉన్న సభ చేసింది. లా మర్తెల్లా అనే కొత్త ఊరిని గొప్ప వాస్తుశిల్పులు గీశారు. రైతుకు పొలం దగ్గరవ్వాలని పట్నానికి చాలా కిలోమీటర్ల దూరంలో కట్టారు. పొలానికి ఎంత దూరమో కొలిచారు. పక్కింటామెకు ఎంత దూరమో కొలిచారా?

గుహ ఇళ్ళలో ఒకే వాకిలి చుట్టూ ఏడెనిమిది కుటుంబాలు ఉండేవి. ఆ వాకిట్లోనే నీళ్ళు, బట్టలుతకడం, పిల్లలు, పంచాయితీలు. దాన్ని విచినాతో అంటారు. ఇరుగుపొరుగు అని అర్థం. ఒకామె పొలం పోతే ఇంకొకామె బిడ్డను చూసేది. ఒకామె కాన్పుకు పది మంది వచ్చేవాళ్ళు. తరలించడానికి ముందు అధ్యయనం చేసిన పండితులు దీన్ని గమనించారు, మెచ్చుకున్నారు, కొత్త కాలనీల్లో మళ్ళీ పుట్టించాలనీ చూశారు. కాగితం మీద గీస్తే ఇరుగుపొరుగు పుట్టదు. దాన్ని నిలబెట్టినవాళ్ళు ఎవరో, వాళ్ళకు ఏం కావాలో అడిగితే పుడుతుందేమో! ఈ ఇరుగుపొరుగును కూడా పొంగిపోయి పొగడలేను. అదే వాకిలి కోడలి మీద నిఘా కూడా పెట్టింది. ఎవరి దుప్పటి ఎప్పుడు ఉతికారో కూడా అందరికీ తెలిసేది. అది కావాలో వద్దో చెప్పే హక్కు మాత్రం అందులో బతికినవాళ్ళది.

తర్వాత కథ మీకు తెలిసిందే, ఎక్కడైనా ఇంతే. 1986లో పాడుబడిన గుహల్ని బాగుచేయడానికి ఇంకో చట్టం వచ్చింది. 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వం అంది. 2019లో మతేరా యూరప్ సాంస్కృతిక రాజధాని అయింది. సిగ్గు కాస్తా సింగారమైంది. గాడిదను కట్టేసిన చోట ఇప్పుడు స్నానాల తొట్టి, దాని చుట్టూ కొవ్వొత్తులు. వేరే వాళ్ళ దారిద్ర్యంలో ఒక రాత్రి పడుకోవడానికి మన నెల కిరాయి అంత అడుగుతారు. నేను చూసిన పొద్దున ఒకామె ఉతకాల్సిన దుప్పట్ల మూట భుజాన వేసుకుని ఆ రాతి మెట్లు ఎక్కుతోంది. ఆ సందుల్లోకి బండి రాదు కదా. "పెద్దమ్మా, అటు చూడు, సూర్యుడు ఎంత బాగున్నాడో" అంది మా పిల్ల. సూర్యుడు బాగానే ఉన్నాడు. నాకు ఆమె వీపే కనబడింది.

ఇదంతా ఎక్కడో ఇటలీ సంగతి, మనకెందుకు అనే వాళ్ళుంటారు. మనకు గుహలు లేకనా! గుంటుపల్లి బౌద్ధ గుహలున్నాయి. ఉండవల్లి ఉంది. యాగంటి ఉంది. వీరబ్రహ్మం గారు కాలజ్ఞానం రాశారని చెప్పే రవ్వలకొండ గుహ బనగానపల్లె దగ్గర ఉంది. ఒక్కటి గమనించండి. మన తలపుల్లో గుహ ఇల్లు వదిలిన మగవాడిది. భిక్షువుది, యోగిది. అక్కడ పొయ్యి ఉండదు. భిక్షువు పాత్ర పట్టుకుని కొండ దిగుతాడు, ఊళ్ళో ఒకామె వండింది అందులో పడుతుంది. ఆమె పొయ్యి ముందు కూర్చోబట్టే అతను ధ్యానంలో కూర్చున్నాడు.

ఆడవాళ్ళూ గుహలకు వెళ్ళారు. శ్రీశైలం దగ్గర అక్కమహాదేవి గుహలున్నాయి. చిన్న వయసులోనే భర్త పోయిన తరిగొండ వెంగమాంబ, తల గొరిగించుకోనందుకు నానా మాటలూ పడి తిరుమల చేరింది. అక్కడా వేధింపులు తప్పక తుంబురు కోనకు వెళ్ళిపోయి గుహలో ఉండిపోయిందని చెబుతారు. వాళ్ళకు గుహ దొరికింది ఇల్లూ పొయ్యీ వదిలాకే. మొగుడు, అత్త, ఊరు ఎవరూ రాలేని చోటు కాబట్టే అది స్వేచ్ఛ. గుహను ఆధ్యాత్మికం అని మురిసిపోయేవాళ్ళు అదే గుహలో ఐదుగురు పిల్లల్నీ ఒక పొయ్యినీ పెట్టి చూడాలి. చల్లదనం అంతే ఉంటుంది. ప్రశాంతత ఎంత మిగులుతుందో చెప్పమనండి.

ఇక నాచారం. మా దగ్గర మతేరా లాంటి మెత్తటి రాయి లేదు. రెండు వందల యాభై కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు మాది. ఉప్పల్ రోడ్డు మీద 1961 నుంచీ రాళ్ళనూ భూమినీ చదివే జాతీయ సంస్థే ఉంది. ఈ రాయిని ఎవరూ గడ్డపారతో తొలిచి ఇల్లు చేసుకోలేరు. మాకు గుహ అంటే బండకూ బండకూ మధ్య సందు, పెద్ద గుండు కింద జాగా. అయినా మనుషులు ఉన్నారు. ఈ గుట్టలు కొట్టడానికి వచ్చిన వడ్డెర కుటుంబాలు ఆ గుళ్ళ కిందే కాపురాలు చేశాయి.

నేను ఇక్కడికి కాపురానికి వచ్చిన 1980లలో నాచారం అంటే ఒకవైపు ఫ్యాక్టరీలు, ఒకవైపు బండలు. మధ్యాహ్నం పూట కేక వేసి, ఎర్ర గుడ్డ ఊపి, బండ పేల్చేవాళ్ళు. మా కిటికీ రెక్కలు అదిరేవి. రోళ్ళకు గాట్లు పెడతామంటూ సుత్తీ ఉలీ పట్టుకుని ఒకామె మా వీధికి వచ్చేది. ఆమెకూ నాకూ అప్పుడు ఇంచుమించు ఒకే వయసు. రోలుకు గాట్లు పెట్టడంతో మొదలైన పరిచయం ఇప్పటికీ ఉంది. ఆమె పేరు ఇక్కడ రాయను. ఆమె మాటలే రాస్తాను.

ఆమె ఇల్లు ఒక పెద్ద గుండు కింద ఉండేది. వెనక గోడా, సగం కప్పూ ఆ గుండే. ముందు పగలగొట్టిన రాళ్ళు పేర్చి, పైన గోనె సంచులూ ప్లాస్టిక్ పట్టా కట్టారు. పొయ్యి మాత్రం బయట. పొగ గుండుకు పట్టి నల్లగా మసిబారిన మచ్చ మనిషి ఎత్తున ఉండేది. మే నెల మధ్యాహ్నం ఆ గుండు కింద కూర్చుంటే మా డాబా ఇంట్లో లేని చల్లదనం. ఇది నిజం. నీళ్ళ కోసం ఆమె రెండు బిందెలతో ఫ్యాక్టరీ గేటు దగ్గరి కొళాయికి వెళ్ళి వాచ్‌మన్‌ను బతిమాలేది. ఇదీ నిజమే. తెల్లారకముందే బండల వెనక్కి వెళ్ళి వచ్చేయాలి, లేకపోతే మళ్ళీ చీకటి పడేదాకా ఓర్చుకోవాలి. తేళ్ళు ఉండేవి. మగవాళ్ళు బండ పగలగొట్టేవాళ్ళు, ఆడవాళ్ళు మోసి కంకర కొట్టేవాళ్ళు. కూలి జతకు ఇంత అని లెక్క. ఇద్దరి చేతుల కూలీ మగవాడి చేతిలో పడేది. ఇక్కడా రొట్టె ముద్రే.

ఆ గుండు ఇప్పుడు లేదు. అక్కడ అపార్టుమెంటు వచ్చింది. తాను పేల్చేసిన రాయి పేరే ఇంగ్లీషులో పెట్టుకుంది. హైదరాబాదు బండల్ని కాపాడాలని 1996లో ఒక సొసైటీ మొదలైంది. మంచి పని. ఆ బండలు పోవడం మనందరి నష్టం, నేనూ బాధపడ్డాను. అయితే మనం రాళ్ళ గురించి రాసుకున్న బాధలో ఎప్పుడూ నెమళ్ళు ఉన్నాయి, సూర్యాస్తమయాలు ఉన్నాయి, కవిత్వం ఉంది. ఆ రాయి కింద వండుకున్న మనిషి లేదు. రాయిని కొట్టిన నేరం కూడా చివరికి వడ్డెర చేతుల మీదే పడుతుంది. కొట్టించి కోట్లు చేసుకున్నవాళ్ళ మీద పడదు. బీసీ-ఏ జాబితాలో ఒక పేరుగా తప్ప ఈ నగరం వాళ్ళను ఎక్కడా రాసుకోలేదు. నగరం మాత్రం వాళ్ళు కొట్టిన పునాది రాయి మీదే ఉంది.

గుండు పోయాక ఆమె కుటుంబం రేకుల గదికి మారింది. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ బస్తీల్లో ఎండాకాలం మధ్యాహ్నం రేకుల గదిలో పది నిమిషాలు కూర్చుని చూడండి. రాయి చల్లదనం గురించి మాట్లాడే హక్కు అప్పుడు వస్తుంది. "బండ కింద సల్లగుండె అక్కా. గీ రేకుల కింద పెనం మీద ఏసినట్టే. గానీ బండ కింద నల్లా లేకపాయె" అంటుంది. ఒక్క వాక్యంలో వారసత్వమూ అభివృద్ధీ రెండూ తూకం వేసేసింది. రాయి గుణం ఆమె కన్నా ఎక్కువ ఎవరికి తెలుసు? ఇప్పుడు రాతి గోడ ఇల్లు డబ్బున్నవాళ్ళ ఫామ్‌హౌసుల్లో ఫ్యాషను. పర్యావరణానికి మంచిదట. ఆ గోడ కట్టేది ఆమె కొడుకులే. రాయి చల్లదనం కొనుక్కున్నవాళ్ళకు, రేకు వేడి రాయి కొట్టినవాళ్ళకు.

కొట్టిన రాయి దుమ్ము ఆమె మొగుడి ఊపిరితిత్తుల్లో చేరింది. అతను పోయి చాలా ఏళ్ళయింది. ఆమె నాలుగిళ్ళలో గిన్నెలు తోమి పిల్లల్ని పెంచింది. చివరికి ఆమె పేరు మీద ఒక ఇల్లు మంజూరైంది. రెండు గదులు, వంటగది, మరుగుదొడ్డి, కొళాయి. ఆడవాళ్ళ పేరు మీద పట్టా ఇవ్వాలని మన ఉద్యమాలు ఏళ్ళ తరబడి అడిగాయి. తెలంగాణలో 2015లో మొదలుపెట్టిన డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళయినా, 2024లో మళ్ళీ మొదలుపెట్టిన ఇందిరమ్మ ఇళ్ళయినా ఆడవాళ్ళ పేరు మీద ఇవ్వాలన్నదే నియమం. ఇది చిన్న గెలుపు కాదు. రొట్టె మీద ముద్ర మొదటిసారి పిండి పిసికిన చేతిదయింది.

అయితే ఆ ఇల్లు నాచారానికి ముప్ఫై కిలోమీటర్ల పైన. ఆమె తోమే గిన్నెలు నాచారంలో ఉన్నాయి. కోడలు పనిచేసే కుట్టు కంపెనీ ఇక్కడే. ముసలితనంలో వెళ్ళే దవాఖానా ఇక్కడే. మనవడి బడి ఇక్కడే. ఆరు నెలలు తిరిగి చూసింది. పొద్దున నాలుగింటికి లేచి, రెండు బస్సులు మారి, ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర దిగి, అక్కణ్ణుంచి నడిచి వచ్చేది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితం కదా అని ఎవరో అంటే ఆమె నవ్వింది. "బస్సు ఫ్రీనే అక్కా. టైమెవరిస్తరు?" అంది. ఇప్పుడు ఆ ఇంటికి తాళం. ఆమె మళ్ళీ నాచారంలో రేకుల గదికి కిరాయి కడుతోంది. ఇల్లిచ్చినా ఉండరు, అలవాటు పడ్డ ప్రాణాలు అని చదువుకున్నవాళ్ళు నా ముందే అన్నారు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది.

ఇల్లు ఎక్కడ కావాలని నిన్ను ఎవరైనా అడిగారా అని అడిగాను. "నన్నెవలు అడిగిన్రక్కా? ఏలుముద్ర అడిగిన్రు" అంది.

ఈ మాటతో మతేరా, నాచారం ఒకే ఊరు అయిపోయాయి నాకు. అక్కడ 1952లో గుహను సిగ్గు అన్నవాళ్ళు ఆడదాన్ని అడగలేదు. 1993లో అదే గుహను సంపద అన్నవాళ్ళు ఆడదాన్ని అడగలేదు. ఇక్కడ గుండును పేల్చినవాళ్ళు అడగలేదు, గుండును కాపాడాలన్నవాళ్ళు అడగలేదు, ఇల్లిచ్చినవాళ్ళు అడగలేదు. ఇల్లు అంటే ఈ అందరికీ నాలుగు గోడలు. పాతవైతే అందం, కూలిపోతే అవమానం, కొత్తవైతే పథకం. ఇంట్లో ఉండే ఆడదానికి ఇల్లు అంటే నీళ్ళకు ఎన్ని అడుగులు, దొడ్డికి ఎన్ని అడుగులు, పనికి ఎన్ని మైళ్ళు, బిడ్డను ఎవరు చూస్తారు, రాత్రి ఎవరు పలుకుతారు అన్న లెక్క. ఈ లెక్క తెలియనివాళ్ళు ఇల్లు మంచిదో చెడ్డదో చెప్పకూడదు. ఎంత పెద్ద రచయితలైనా, ఎంత పెద్ద మంత్రులైనా సరే.

"అయితే వాళ్ళను గుళ్ళ కిందే ఉండమంటారా?" అని ఒకరు అడుగుతారు. అనను. నీళ్ళు లేని చల్లదనం నాకు వద్దు, ఆమెకూ వద్దు. "పాత పద్ధతుల్లో ఏమీ లేదంటారా?" అని ఇంకొకరు అడుగుతారు. అదీ అనను. లావుపాటి రాతి గోడ, ఉమ్మడి వాకిలి, వాన నీళ్ళ తొట్టి, ఈ తెలివి అంతా కొత్త ఇళ్ళలోకి రావాలి. మూడు వందల అరవై ఐదు రోజులు ఆ ఇంట్లో ఉండేవాళ్ళ చేతుల మీదుగా రావాలి. రెండు రోజుల టూరిస్టుల ముచ్చట కోసం వద్దు. ఉప్పల్, నాచారంలో మూతపడ్డ ఫ్యాక్టరీల జాగాలు ఎన్నో అపార్టుమెంట్లయ్యాయి. అందులో ఒక ఎకరం ఆ అపార్టుమెంట్లలో గిన్నెలు తోమేవాళ్ళకు ఇవ్వలేమా? భూమి లేదని చెప్పకండి. మా కళ్ళ ముందే బండల్ని పిండి చేసి భూమి పుట్టించారు.

రాసేవాళ్ళకు కూడా ఒక మాట. ఇక మీద ఎవరైనా గుహ ఇంటి గురించి, మట్టి ఇంటి గురించి, మేనత్త గారి పెంకుటింటి గురించి పరవశించి రాసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆ ఇంట్లో నీళ్ళు ఎవరు తెచ్చారు? పొయ్యి ఎవరు ఊదారు? పొద్దున్నే కుండ ఎవరు పారబోశారు? జవాబు దొరికితే ఆ మనిషి పేరుతోనే వ్యాసం మొదలుపెట్టండి. ఇళ్ళు మంజూరు చేసేవాళ్ళ దరఖాస్తులోనూ ఒక గడి పెంచమనండి. ఆ ఇల్లు ఎక్కడ ఉండాలో చెప్పే గడి. వేలిముద్ర దాని కింద వేయించుకోవచ్చు.